దస్తీ వేసిన సీటు

నాటకశాల వార్షికోత్సవం రోజు పొద్దున డానియేలుకున్న భయం ఒక్కటే. సాయంత్రం హాలు నిండదేమోనని.

లాల్‌దర్వాజా దగ్గరున్న చమన్ నాటకశాల నగరపాలక సంస్థది. కట్టి డెబ్భై అయిదేళ్లయింది. దానికి మేనేజరుగా ఉంటూనే డానియేలు జుట్టు నెరిసింది. ఒకప్పుడు నాటకం ఉందంటే గుమ్మం దగ్గర చొక్కాలు చిరిగేవి. ఈమధ్య మాత్రం కింద కూర్చునేవాళ్ల కన్నా వేదిక మీద వాళ్లే ఎక్కువ. పోయిన ఉగాదికి వేసిన నాటకంలోనైతే, యుద్ధంలో చచ్చిపోయిన సైనికులు ఒక్కొక్కరే దిగివచ్చి కుర్చీల్లో కూర్చొని, బతికున్న రాజుకు చప్పట్లు కొట్టారు. ఇది విన్నాక పెద్దాఫీసులో ఎవరికో ఆలోచన వచ్చింది, హాలు పడగొట్టి అక్కడ పార్కింగు కడితే పోలేదా అని. జోనల్ కమిషనర్ రచన మేడం ఇవాళ వస్తున్నది దండ వేయించుకోవడానికి కాదనీ, జనం వస్తారో రారో కళ్లారా చూసి ఆ సంగతి తేల్చడానికనీ డానియేలుకు తెలుసు.

అందుకని సాదాగా ఒక పథకం వేసుకున్నాడు. పొద్దున కుర్చీలు తుడిపించాలి. మధ్యాహ్నానికి గుడిమల్కాపూర్ నుంచి బంతిపూలు తెప్పించి కట్టించాలి. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు వ్యాపారం చేసే వైకుంఠం సేట్ లడ్డూలు పంపుతానన్నాడు కాబట్టి వాటి పేరు చెప్పి జనాన్ని పిలవాలి. అయిదింటికి మేడం వస్తుంది, ఆ వెంటనే నాటకం.

తుడిచే పని కృష్ణమ్మది. ఆ హాలును ఊడ్చడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆవిడ దాన్ని తన ఇల్లనే అనుకుంటుంది, డానియేలును అద్దెకున్నవాడి కింద చూస్తుంది.

"కృష్ణమ్మా, ముందు వరుస ఆఫీసరోళ్లకు. బోర్డులు రాయించుడు మర్చిపోయిన. ఏదన్న ఒకటి అడ్డం వెయ్యి" అన్నాడు డానియేలు.

"ఏం వెయ్యమంటవు సారూ?"

"దస్తీలు వెయ్యి. మనోళ్లకు బోర్డు కన్న దస్తీ మంచిగ సమజైతది."

అది నిజమే. ఈ ఊళ్లో చేతిరుమాలును దస్తీ అంటారు. ముఖం తుడుచుకోవడం దాని రెండో పని. మొదటి పని, బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద పడటం. దస్తీ పడ్డ సీటులో మనిషి కూర్చున్నట్టే లెక్క. దీన్నే సీటు ఆపడం అంటారు. ఎంత మొండివాడైనా దాన్ని చూశాడంటే కిక్కురుమనకుండా నిలబడతాడు. ఎర్ర లైటును లెక్కచేయని ఊరు ఈ గుడ్డముక్కకు మాత్రం తలవంచుతుంది.

కృష్ణమ్మ నాటకాల పెట్టె తెరిచి, చేతికందిన గుడ్డలన్నీ ముందు వరుసలో పరిచింది. అంతలో లడ్డూల సంగతి మాట్లాడటానికి వైకుంఠం సేట్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది డానియేల్ సాబ్, అప్పుడే సీట్లు ఆపుతున్నరా?"

నిజం చెప్పడానికి డానియేలు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి అబద్ధం బయటికొచ్చింది.

"అవు సేట్. పొద్దుగాల్నుంచి ఒకటే లైను."

మార్కెట్లో ఇతరుల కన్నా వెనకబడటమంటే వైకుంఠానికి జ్వరమొచ్చినంత పని. మారుమాట లేకుండా భుజం మీది తువ్వాలు తీసి రెండో వరుస మధ్య కుర్చీ మీద వేశాడు. జేబులోని దస్తీ భార్య కోసం దాని పక్కన వేశాడు. వేసి, భార్యకు ఫోను చేశాడు.

కాసేపటికి సుగుణమ్మ ఒక సంచీతో దిగింది. అందులో దిండు గలీబులున్నాయి, రవిక ముక్కలున్నాయి, మనవడి బడి టై కూడా ఉంది. "మా తల్లిగారోళ్లు గూడ వస్తున్నరు సార్" అంటూ రెండో వరుసంతా సర్దేసింది. సేట్ కుటుంబం సీట్లాపిందని తెలియగానే ఉస్మాన్‌గంజ్ గుమాస్తాలు పరిగెత్తుకొచ్చారు. ఉస్మాన్‌గంజ్ వాళ్లు మన హాలు ఆక్రమించుకుంటున్నారని లాల్‌దర్వాజా గల్లీల్లో గుప్పుమంది. ఇక ఆపడం ఎవరి తరం? చున్నీలు, చెద్దర్లు, టిఫిను డబ్బాలు, ఒక హెల్మెట్టు, సగం అల్లిన స్వెట్టరు. ఒకాయన దగ్గర ఏమీ లేకపోతే ఎడమకాలి చెప్పు కుర్చీలో పెట్టి, కుడికాలి చెప్పుతో ఇంటికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. డానియేలు గుమ్మంలో నిలబడి ఆ రంగురంగుల గుడ్డలను చూశాడు. ఎన్నాళ్లయింది ఇలా చూసి. ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి. తుడుచుకుందామని జేబులో చేయి పెడితే దస్తీ లేదు, ఎప్పుడో ఎవరో బతిమాలి పట్టుకుపోయారు.

ఆ ఆనందం పూలు కట్టే ఎల్లప్ప వచ్చేదాకా నిలిచింది. బంతిపూల దండలు పైన కట్టాలంటే కుర్చీ ఎక్కాలి. కుర్చీ ఎక్కాలంటే దస్తీ తీయాలి.

"తియ్యి అన్నా, మళ్ల పెడుదువు" అన్నాడు డానియేలు.

"నేనెందుకు తీస్త? ఎవలదో ఏమో. నువ్వే తియ్యి సారూ."

డానియేలు తీయలేదు. చివరికి ఎల్లప్ప నేల మీద నిలబడి చేయి ఎంత దూరం అందితే అంత ఎత్తులోనే దండలన్నీ కట్టి వెళ్లిపోయాడు. గుమ్మాల్లో బంతిపూలు మనిషి ముక్కుకు సరిగ్గా తగిలేలా వేలాడుతున్నాయి.

ఇంతలో బయట కారు ఆగింది. సాయంత్రం రావలసిన మేడం మిట్టమధ్యాహ్నమే వచ్చేసింది. వెంట ఇంజనీరు మనీష్. పార్కింగు నమూనా గీసింది అతనే. లోపల అడుగుపెట్టి, చుట్టూ చూసి అన్నాడు.

"మేడం, ఇక్కడ బట్టలు ఆరేసుకుంటున్నారు."

హాలులో ఒక్క మనిషి లేడు. డానియేలు గబగబా ఎదురొచ్చాడు.

"జనం ఉన్నరు మేడం."

"ఎక్కడ?"

"ఇండ్లల్ల ఉన్నరు మేడం."

కృష్ణమ్మకు ఇది తన ఇంటి పరువు సంగతి అనిపించింది. "సీటు దొరికినంక ఉరికొచ్చుడెందుకమ్మా. తానాలు చేసి, తిని, నిమ్మళంగ వస్తరు" అంది.

మేడం నెమ్మదిగా ముందుకు నడిచి, "నా సీటేది?" అని అడిగింది.

డానియేలు ధైర్యం తెచ్చుకొని ముందు వరుస చూపించాడు. చూపించాక తనూ చూశాడు. అక్కడ నాటకాల గుడ్డలు లేవు. చంటిపిల్లల టోపీలు, ఒక ఊదారంగు రవిక గుడ్డ, ఒక గిలక్కాయ ఉన్నాయి. సంగతేమిటంటే, ముందు వరుసలోవి నాటకాల పెట్టెలోని గుడ్డలని సుగుణమ్మ గుర్తుపట్టింది. వెనక మనిషి లేని దస్తీ దస్తీ ఎట్లయితదని తీర్పు చెప్పి, వాటిని మడతపెట్టి పెట్టెలో వేసి, పుట్టింటివాళ్లందరినీ ముందుకు జరిపింది.

డానియేలు టోపీ తీయబోయాడు. కృష్ణమ్మ దగ్గింది.

"సారూ, అవి సుగుణమ్మ తల్లిగారోళ్లయి. తీసినవనుకో, వచ్చే బోనాలదాక లొల్లి."

ఆయన చేయి గాలిలోనే ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది కమిషనర్. పోయేది తన హాలు. అడ్డమున్నది చంటిపిల్లాడి టోపీ. అయినా ఆ చేయి కిందికి దిగలేదు.

మేడం ఆ చేతిని చూసింది, తర్వాత హాలంతా చూసింది. ఇప్పటిదాకా ఆఫీసు భాషలో మాట్లాడిన మనిషి, "మొత్తం ఆపిండ్రా?" అంది. నడుచుకుంటూ ఆఖరి వరుసకు వెళ్లింది. అక్కడ ఒక కాలు ఊగే కుర్చీ ఒక్కటే ఖాళీ. సంచీలోంచి నీలి అంచు దస్తీ తీసి దాని మీద వేసింది.

"ఇంకో మీటింగున్నది. అయిదింటికొస్త."

"వీళ్లంతా వస్తారని నమ్ముతున్నారా మేడం?" అన్నాడు మనీష్.

"డిగ్రీ మూడేండ్లు సిరిసిల్ల బస్సుల గిట్లనే పోయిన. దస్తీ ఏసి రానోన్ని నేనైతే చూడలే."

ఆవిడ వెళ్లాక డానియేలుకు కొత్త బెంగ పట్టుకుంది. కమిషనర్‌ను కాలు ఊగే కుర్చీలో కూర్చోబెడితే ఏమనుకుంటుంది? ఉస్మాన్‌గంజ్ వెళ్లి మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ వైకుంఠాన్ని బతిమాలాడు. సేట్ చాలాసేపు ఆలోచించి, హాలు కోసం, అంతకన్నా డానియేలు తుమ్ములు ఆగడం కోసం తన మధ్య కుర్చీ వదులుకున్నాడు. స్వయంగా వచ్చి తువ్వాలు తీసుకున్నాడు కూడా.

అయిదు కాకముందే జనం వచ్చారు. తలలు దువ్వుకొని, పూలు పెట్టుకొని, నిమ్మళంగా వచ్చారు. ఎవరి గుడ్డ వాళ్లు తీసుకొని కూర్చున్నారు. ఎడమకాలి చెప్పాయన చెప్పు తొడుక్కొని కూర్చున్నాడు. దస్తీ వేయనివాళ్లు గోడల వెంట నిలబడ్డారు, లడ్డూల బుట్టతో వైకుంఠం కూడా వాళ్లలోనే ఉన్నాడు. మేడం గుమ్మంలో తల వంచి లోపలికొచ్చింది. మనీష్ వంచలేదు, బంతిపూలన్నీ అతని మీదే రాలాయి.

డానియేలు దారి చూపిస్తూ ముందుకు నడిచాడు. "మేడం, మీకు మధ్యల సీటు ఆపిన."

"నా సీటు గాడున్నది" అని ఆవిడ ఆఖరి వరుసకు వెళ్లి, ఊగే కాలు కింద ఇటుకముక్క పెట్టుకొని కూర్చుంది.

కిక్కిరిసిన ఆ హాలులో ఖాళీగా ఉన్నది మధ్య కుర్చీ ఒక్కటే. నాటకం మొదలై రాజు వేదిక మీదికి వచ్చినా వైకుంఠం దాన్నే చూస్తున్నాడు. కాసేపటికి కాళ్లు లాగిన మనీష్ ఒంటి మీది రేకులు దులుపుకుంటూ వెళ్లి అందులో కూర్చోబోయాడు. అతను వంగేలోపు గోడ పక్క నుంచి తువ్వాలు ఒకటి ఎగిరొచ్చి కుర్చీలో పడింది.

"ఓ సారూ, గా సీటుకు మనిషున్నడు" అన్నాడు వైకుంఠం.

హాలంతా అవునంది. పార్కింగు ఇంజనీరు నాటకం అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

చప్పట్లు ఆగి, లడ్డూలు అయిపోయి, జనం కదిలాక కృష్ణమ్మ కేకేసింది. ఆఖరి వరుస కుర్చీలో నీలి అంచు దస్తీ అలాగే ఉంది. డానియేలు కారు దగ్గరికి పరిగెత్తాడు.

"మేడం, మీ దస్తీ మర్చిపోయిండ్రు."

"మర్చిపోలే. వచ్చే ఏడాది పండుగకు ఏసిన. ఉండనీయి."

కారు మలుపు తిరిగిపోయాక గానీ ఆ మాట డానియేలు బుర్రకెక్కలేదు. వచ్చే ఏడాది సీటు ఉండాలంటే హాలు ఉండాలి కదా. ఆయన అక్కడే మెట్ల మీద కూలబడి, ఈసారి దస్తీ కోసం వెతుక్కోకుండా చొక్కా చేతికే కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు కృష్ణమ్మ ఆ ఒక్క కుర్చీ వదిలి హాలంతా ఊడ్చింది. మధ్యాహ్నానికి దాని పక్క కుర్చీలో చంటిపిల్లాడి టోపీ ఒకటి వచ్చి చేరింది.