దిబ్బదేశపు రాజ్యాంగం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న దేశం పుట్టింది. పుట్టించినవాడు చెంగల్రాయుడనే కుందేలు.

కారణం చిన్నదేమీ కాదు. వాడు కంటికి రెప్పలా చూసుకునే గరికమడిని ఏనుగు తొక్కేసింది. అడవి సభకు చెప్పుకుంటే, ఏనుగు కాలి కింద మొలవడం గరిక తప్పేనని తేల్చారు. చెంగల్రాయుడికి ఒళ్ళు మండింది. వాగు మధ్య దిబ్బమీదికి మకాం మార్చి, ఇది నా దేశం, మీ చట్టాలు ఇక్కడ చెల్లవని చాటింపు వేశాడు.

దేశమన్నాక ప్రభుత్వం ఉండాలి కదా. రాజు తనే. సేనాపతి తాబేలు, ఎందుకంటే కవచం ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు. హోంమంత్రి తన పెళ్ళాం కుప్పమ్మ. ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, మొదట్నుంచీ ఆమెదే. శాసనసభంతా కలిపి ఒక్క తొండ. అది తల ఊపితే శాసనం అయినట్టే.

తొండ ఊపనిదెప్పుడు? రాయెక్కి ఎండ కాచుకుంటూ ఊపడమే దాని పని. రాజుగారు కునుకు తీసేటప్పుడు వాగు చప్పుడు చెయ్యరాదన్నా ఊపింది. చెంగల్రాయుడు మురిసిపోయాడు.

"చూశావా కుప్పా, అడవిలో ఒక్క తీర్మానానికి పొద్దుగూకేది. ఇక్కడ అంతా ఏకగ్రీవం."

"అది ఈగ వాలినా ఊపుతుందయ్యా," అంది కుప్పమ్మ.

రాజుకు ఒక్కటే దిగులు. దేశాన్ని ఎవరూ గుర్తించలేదు. జింకలు వచ్చి నీళ్ళు తాగి పోయేవే గానీ, రాజా అని ఒక్క మాట అనేవి కావు. పాపం, తిండి సయించేది కాదు.

అట్లాంటప్పుడు ఒక నక్క వాగు ఒడ్డున వంగి దండం పెట్టి, మహారాజా, తమ దేశంలోకి అనుమతి దయచేయించండి అని వేడుకుంది. చెంగల్రాయుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నక్క తోక తొక్కానని పొంగిపోయాడు. కుప్పమ్మ చెవి పట్టి లాగుతున్నా వినకుండా అక్కడికక్కడే పౌరసత్వం ఇచ్చేశాడు. తొండ ఊపింది.

నక్క వాగు దాటి దిబ్బెక్కి, మర్యాదగా కూర్చుని ఒక శాసనం ప్రతిపాదించింది. ప్రజల ఆకలి తీర్చడం రాజు ధర్మం. రాజు చప్పట్లు కొట్టాడు. తొండ ఊపింది.

"నాకు ఆకలిగా ఉంది మహారాజా," అంటూ నక్క దగ్గరికి జరిగింది.

చెంగల్రాయుడికి పై ప్రాణం పైనే పోయింది. ఇది చెల్లదన్నాడు, తొండ ఊపింది. చెల్లుతుందని నక్క అంది, దానికీ ఊపింది. సేనాపతి అప్పటికే తల లోపలికి లాక్కున్నాడు.

"శాసనాలు తర్వాత, ముందు దూకవయ్యా!" అని కుప్పమ్మ ఒక్క తోపు తోసింది. ఇద్దరూ వాగులో పడి లేచి, కాళ్ళకు బుద్ధి చెప్పి, అవతల నీళ్ళు తాగుతున్న ఏనుగు కడుపు కిందికి దూరారు. గరిక తొక్కిన ఏనుగే. వెంటపడ్డ నక్క ఆ కాళ్ళు చూసి వెనక్కి తిరిగింది.

"ఎవరు మీరు?" అంది ఏనుగు.

"ఈ అడవివాళ్ళమే దొరా," అన్నాడు చెంగల్రాయుడు, ఆ కాలినే గట్టిగా వాటేసుకుని.

దిబ్బమీద ఇప్పుడు నక్కే రాజు. అక్కడ ఇప్పటికీ అంతా ఏకగ్రీవమే.

నీతి: కొత్త దేశం పెట్టుకునేవాడు పాత దేశాన్ని పరుగెత్తగలిగినంత దూరంలో ఉంచుకోవాలి.