రామలింగయ్య కాలువ, దాని చుట్టూ ఫైర్‌వాల్

ప్రజల మాట వినని ప్రభుత్వమంటూ భూమ్మీద లేదు. ఏ మాటను ఏ చెవితో వినాలన్నది మాత్రం పూర్తిగా దాని ఇష్టం. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడిపే రామలింగయ్యకు ఈ సంగతి బోధపడటానికి ఒక వానాకాలం పట్టింది.

కొట్టు ముందు మురుగు కాలువ. నాలుగు చినుకులు పడితే చాలు, పొంగి గడప దాటేది. పెళ్లి చీరలకని వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని ఎదురు కొట్టుకు పోయేవాళ్లు. ఇట్లాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందే. ఆయన పెట్టిన ప్రతి అర్జీకీ ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చేది (కాలువకు ఆ మెసేజ్ అందలేదు). చేసేది లేక హిందూపురంలో ఉన్న అల్లుడు ఫణికి రోజూ వాట్సాప్ కాల్ చేసి, ప్రభుత్వాన్ని కడుపారా తిట్టుకునేవాడు.

“మామా, నిదానం. నెట్‌లో మాట్లాడేదంతా పైనోళ్లు వింటాండారంట,” అన్నాడు ఫణి ఒకరోజు.

రామలింగయ్య ఠక్కున ఫోన్ పెట్టేశాడు. వెంటనే పెనుకొండ నుంచి ఫైర్‌వాల్ పెట్టె తెప్పించాడు. ఇంట్లో నెట్‌లోకి బయటివాళ్లు చెవి పెట్టకుండా అది కాపలా కాస్తుందట.

పూజ చేయకుండా కొత్త యంత్రం స్విచ్ వేయడం వాళ్ల ఇంటావంటా లేదు. పెట్టెకు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టారు. అధికారి లేని ప్రారంభోత్సవం ఏం బాగుంటుందని భార్య కమలాక్షి అనడంతో, ఊరికి కొత్తగా వచ్చిన అంతర్జాల శ్రవణాధికారి ఉలిగప్పను పిలిచారు (ఆ పదవికి అర్థమేమిటని ఎవరూ అడగలేదు; జీపుంది, చాలు). ఆయన రిబ్బన్ కత్తిరించి, శాలువా కప్పించుకుని, పెట్టె బలంగా ఉందని మెచ్చుకుని, కొంచెం దిగులుగా వెళ్లిపోయాడు.

ఆ వారమంతా రామలింగయ్యకు పండగే. వార్డు మొదలుకొని రాజధాని దాకా ఎవరినీ వదలకుండా తిట్టాడు. తెలుగు చాలనప్పుడు కన్నడంలోకి దిగాడు.

వారం తిరిగేసరికి ఉలిగప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు.

“ఏమప్పా, నీ మాటే వినపడల్యా. కాలువ ఇంకా పొంగుతాండాదా?”

“కాలువ సంగతి మీకెట్ల తెలుసు సార్?”

“నాకు కాక ఇంకెవురికి తెలుసు? నీ అర్జీలు యాడికి పోయినాయో గానీ, నీ తిట్లు ఒక్కటి జారనీకుండా రాసి పైకి పంపిస్తాంటి. పైన కదలిక వచ్చే వేళకు ఈ పెట్టె పెట్టుకుంటివి!”

రామలింగయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో తన మాట చివరిదాకా విన్న ప్రభుత్వోద్యోగి ఈయనొక్కడే. అప్పటికప్పుడు పెట్టె వైరు పీకేసి ఫణికి ఫోన్ చేశాడు.

“నాయనా, ఇది పరమ రహస్యం. ఎవురికీ చెప్పొద్దు,” అని వీధంతా వినపడేలా మొదలుపెట్టి, కాలువ పొడవు, వెడల్పు, వాసన వరుసగా చెప్పాడు. బయట జీపులో రాసుకుంటున్న ఉలిగప్ప, వెడల్పు మళ్లీ చెప్పమని సైగ చేశాడు.

విషయం పాకింది. కనగానపల్లి రైతులు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఫోన్లలో కుట్ర చేస్తున్నట్టు గుసగుసలాడసాగారు.

చివరకు పైనుంచి ఆదేశం వచ్చింది. లారీ వచ్చింది, సిమెంటు వచ్చింది, కూలీలు గుంత తవ్వారు. కమలాక్షి హారతి ఇచ్చింది. రామలింగయ్య ఆనందం పట్టలేక అందరికీ మజ్జిగ పోశాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. కాలువ పక్కన ఎత్తైన స్తంభం, స్తంభం మీద కెమెరా.

ఇప్పుడు చినుకు పడితే, కాలువ పొంగడం రాజధానిలో కూడా చాలా స్పష్టంగా కనిపిస్తోంది.