ఫిర్యాదుల్లేని పట్టణం

తొంభై రోజుల్లో ఈ పట్టణాన్ని ఫిర్యాదుల్లేని పట్టణంగా తీర్చిదిద్దుతామని పురపాలక సంఘం చైర్మన్ గారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండుంబావుకల్లా ఆ ప్రకటన మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి. గడువు మంగళవారం నుంచి మొదలవుతుందని, కాబట్టి ఆ మూడూ పాతవాటిలో కలుస్తాయని కమిషనరు గారు అక్కడికక్కడే సవరణ విడుదల చేశారు. ఇంత చురుకైన పాలన అన్ని ఊళ్లకీ దొరకదు. పెట్టిపుట్టాలి.

కమిషనరు గారు ఉత్త మాటల మనిషి కాదు. రోగం కన్నా ముందు రోగ మూలాన్ని పట్టుకోవాలనే రకం. పెండింగులో ఉన్న అర్జీలు లెక్కబెట్టిస్తే రెండువేల నాలుగువందల పదహారు తేలాయి. ఆయన రెండు రోజుల పాటు తన గది కిటికీ దగ్గర నిలబడి, టీ మీద టీ తాగుతూ పరిశోధన చేశారు. ఈ ఊళ్లో ఫిర్యాదులు పగిలిన గొట్టాల దగ్గరా, వెలగని వీధి దీపాల దగ్గరా పుట్టడం లేదని, అన్నీ ఒకే చోట పుడుతున్నాయని కనిపెట్టారు. ఆఫీసు ప్రహరీ పక్కన, నల్ల గొడుగు కింద, ఒక చెక్కబల్ల. దాని వెనక కూర్చుని ఒకావిడ అడిగినవాళ్లందరికీ అర్జీలు రాసిపెడుతోంది. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. పైగా ఆవిడ రాసిన అర్జీ చదివితే జవాబివ్వక తప్పదు. దోమలు పోవాలంటే మురుగ్గుంట పూడ్చాలి అని కమిషనరు గారు సిబ్బందికి వివరించారు. సిబ్బంది ఆ వాక్యాన్ని నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

ఆ బల్లావిడ ఎవరో కాదు, సంచీబాబాయి భార్య.

సంచీబాబాయి ఆ ఆఫీసులో అటెండరు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది గాని, భుజానికి వేలాడే ఖాకీ సంచి దాన్ని మింగేసింది. ఆ సంచి సామాన్యమైంది కాదు. నిజం చెప్పాలంటే పురపాలక సంఘం నడిచేది అందులోనే. సమావేశ మందిరం తాళంచెవి పోయి నాలుగేళ్లయింది. కొత్త తాళం కొనాలంటే సభ తీర్మానం చెయ్యాలి. సభ జరగాలంటే మందిరం తెరవాలి. ఈ చిక్కుముడిని చైర్మన్ గారు ఒక్క మాటతో విప్పేశారు. సభ్యులు సభకి రానక్కర్లేదు, సభే సభ్యుల ఇళ్లకి వెళ్తుంది. అప్పటి నుంచి సంచీబాబాయి తీర్మానాల పుస్తకం సంచిలో వేసుకుని, సైకిలెక్కి పదకొండు ఇళ్లు తిరుగుతున్నాడు. పదకొండు సంతకాలు పడితే సభ జరిగినట్టు. ఒక్కటి తక్కువైనా ఆ అంశం వచ్చే నెలకి వాయిదా. నాలుగేళ్లలో ఒక్క అంశమూ వాయిదా పడలేదు. ఇంత ఐకమత్యం గల సభ ఎక్కడా ఉండదని చైర్మన్ గారు ప్రతి ఏడూ పత్రికలకి చెబుతుంటారు.

బుధవారం పొద్దున కమిషనరు గారు సంచీబాబాయిని పిలిచి తీర్మానం చేతికిచ్చారు. ప్రహరీ పక్కనున్న బల్లను ప్రజారోగ్యం దృష్ట్యా తొలగించి, ఆ స్థలంలో పూలకుండీ ఉంచడానికి సభ ఏకగ్రీవంగా ఆమోదించినది అని అందులో ఉంది. సభ ఇంకా సైకిలెక్కలేదు.

"సొంత విషయంగా తీసుకోకయ్యా," అన్నారు కమిషనరు గారు దయగా. "ఇది పాలసీ."

సంచీబాబాయి అలాగేనండి అని తలూపి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. అతని జీతం ఇంటద్దెకీ తిండికీ బొటాబొటి. కూతురు వేరే ఊళ్లో నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల హాస్టలు ఖర్చంతా ఆ బల్ల మీద పుట్టేదే. ఇంకో రెండు నెలలు గడిస్తే చదువు గట్టెక్కుతుంది. అటు కమిషనరు గారికి ఈ నెలాఖరుకి బదిలీ ఖాయమని ఆఫీసులో గోడలక్కూడా తెలుసు. అంటే ఒకే ఒక్క సభ్యుడు ఈ నెలకి సంతకం ఆపితే చాలు, బల్ల బతికిపోతుంది. పదకొండు మందిలో ఒక్కరు.

భార్యకి చూపిస్తే ఆవిడ ఆ కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఆ ఊళ్లో ఆ తీర్మానాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆవిడే, ఆఖరి మనిషీ ఆవిడే. తీసేసిన బల్లని ఎక్కడ పెడతారో రాయలేదేమిటి అంది. తర్వాత కలానికి మూత పెట్టింది.

"మీ పని మీరు చెయ్యండి. ఉన్న ఉద్యోగం కూడా ఊడితే ఇద్దరం కలిసి ఏ బల్ల దగ్గర కూర్చుంటాం?"

అలా సంచీబాబాయి తన కూటికి గండి కొట్టే కాగితాన్ని తనే మోసుకుంటూ బయల్దేరాడు.

ముందు చైర్మన్ గారి ఇల్లు. ఆయన కరుడుగట్టిన ప్రజాస్వామ్యవాది. తను ముందు సంతకం చేస్తే తక్కిన సభ్యుల స్వేచ్ఛకి భంగం కలుగుతుందని, ఆఖర్న చేస్తానని పంపేశారు. మొదటి గడి ఖాళీగా ఉండేసరికి సంచీబాబాయికి ప్రాణం లేచొచ్చింది. పెద్దాయనే పెట్టనిది మనకెందుకు అని ఎవరో ఒకరు వెనక్కి తగ్గకపోతారా అనుకున్నాడు.

తర్వాత సిమెంటు కొట్టు సభ్యుడు. ఆయన బస్తాల మీద పుస్తకం పరిచి, సంతకం పెడుతూ పెడుతూ విషయం ఏమిటని అడిగాడు. విన్నాక నిజంగానే నొచ్చుకున్నాడు. తన తల్లి పింఛను అర్జీ ఆవిడే రాసిందట, నెల తిరక్కుండా పింఛను వచ్చిందట. మరైతే ఆ సంతకం కొట్టెయ్యండి బాబూ అన్నాడు సంచీబాబాయి. పదకొండు మందిలో నా ఒక్కడిదెంత, మిగతావాళ్లెవరో ఎలాగూ ఆపుతారు, నువ్వు మాత్రం ఒక అర్జీ రాయించుకురా, సిఫార్సు రాసి పంపిస్తాను అని ధైర్యం చెప్పాడాయన.

పళ్ల డాక్టరమ్మ కూడా సభ్యురాలే. ఆవిడ కుర్చీలో ఒక రోగి నోరు తెరుచుకుని ఉన్నాడు. పరిపాలన జరుగుతుండగా ఆ రోజు ఊళ్లో నోరు తెరిచిన పౌరుడు అతనొక్కడే. ఆవిడ చేతి తొడుగు తియ్యకుండానే సంతకం పెట్టి, పాపం ఒక అర్జీ పెట్టించండి, చూద్దాం అంది.

నాలుగో ఇంట్లో సభ్యుడు లేడు. రెండు నెలలుగా అత్తారి ఊళ్లో వ్యాపారం చూసుకుంటున్నాడు. ఆయన సంతకం వాళ్లమ్మ పెడుతుంది. ఆయన కన్నా బాగా పెడుతుంది కూడా. ఎక్కడ పెట్టాలి నాయనా అని ఆవిడ అడిగింది. అప్పటిదాకా నాయనా అని పలకరించిన నాథుడు లేకపోవడంతో సంచీబాబాయి కూతురి చదువుతో సహా అంతా చెప్పేశాడు. ఆవిడ కళ్లొత్తుకుంది, మంచినీళ్లిచ్చింది. మావాడే ఊళ్లో ఉంటే తప్పకుండా అడ్డుపడేవాడు నాయనా అంటూ సంతకం పెట్టింది.

మిగతావాళ్ల ఇళ్లల్లోనూ ఇదే వరస. ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని పెట్టాడు, ఒకాయన కారు కడిగిస్తూ పెట్టాడు, ఒకావిడ కళ్లజోడు కనపడక సంచీబాబాయి చూపించిన చోట పెట్టింది. అందరూ మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుంటూ బయటికి రావచ్చు. వీళ్లు ఒక్కొక్కరూ భుజం తట్టి, అర్జీ పెట్టుకోమని చెప్పి, వాకిలిదాకా వచ్చి సాగనంపుతున్నారు.

ఇక మిగిలిన ఆశ రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. సభ మొత్తానికి ప్రతిపక్షం ఆయనొక్కరే. ఆయన విషయం విని పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇది దారుణం. పేదవాడి గొంతు నొక్కడం. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను."

"అయితే పెట్టరాండీ?" అన్నాడు సంచీబాబాయి. చెయ్యి అప్పుడే పుస్తకం మూసేస్తోంది.

"పెట్టడమా? వాకౌట్ చేస్తున్నాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. హెడ్మాస్టరు గారు చెప్పులేసుకుని తన ఇంట్లోంచి తనే వాకౌట్ చేశారు. వీధిలో కరెంటు స్తంభం పక్కన ఎండలో రెండు నిమిషాలు నిలబడి, లోపలికొచ్చి చెమట తుడుచుకున్నారు. వాకౌట్ చేసినట్టు రికార్డులో రాయమని, అయితే వాకౌట్ చేసిన సభ్యుడు హాజరైనట్టు లెక్క కాబట్టి హాజరు సంతకం పెట్టకపోతే చట్టవిరుద్ధమని వివరించారు. ఆ పుస్తకంలో హాజరుకీ ఆమోదానికీ కలిపి ఉన్నది ఒకే గడి. ఆయన అందులోనే పెట్టారు. సంతకం కింద రెండు గీతలు కూడా గీశారు, నిరసనగా.

పొద్దు వాలుతుండగా పుస్తకం తిరిగి చైర్మన్ గారి దగ్గరికి చేరింది. ఆయన పది సంతకాలూ వేలితో లెక్కబెట్టుకున్నారు.

"పదిమంది ప్రజాప్రతినిధుల మాట కాదనడానికి నేనెవణ్ణయ్యా?"

పెట్టేశారు. మీ ఆవిడ చేత ఒక అర్జీ పెట్టించు, సానుభూతితో పరిశీలిద్దాం అని కూడా అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. తెల్లారగానే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో సభ్యుడికి ఒకటి చొప్పున పదకొండు అర్జీలు రాసింది. పదకొండోది ముగిసే వేళకి ఇద్దరు పనివాళ్లు బల్ల పట్టుకుపోవడానికి వచ్చారు. స్వాధీనం చేసుకున్నట్టు రసీదు ఉండాలని ఆఫీసులో చెప్పారట, ఇద్దరికీ రాయడం రాదు. అక్కా, కాస్త మీరే రాసిపెట్టండి అని బతిమాలారు. ఆవిడ ఆ బల్ల మీదే ఆ బల్ల పోయినట్టు రసీదు రాసిచ్చింది. మధ్యాహ్నానికల్లా అక్కడ పూలకుండీ వెలిసింది.

సభ్యులు మాట మీద నిలబడే మనుషులు. పదకొండు అర్జీలూ పదకొండు సిఫార్సులతో కమిషనరు గారి బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఆయన గదిలో అప్పటికే పెద్ద బోర్డు పెట్టించి, పెండింగు ఫిర్యాదుల అంకె సుద్దముక్కతో రాయిస్తున్నారు. సున్నా వైపు నడవాల్సిన ఆ అంకె మూడో రోజుకే రెండువేల నాలుగువందల ఇరవై ఏడుకి ఎగబాకింది. సిఫార్సు ఉన్న అర్జీని బుట్టలో పడెయ్యడానికి వీల్లేదు. కమిషనరు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఫిర్యాదు చావడానికి దారులు రెండే ఉన్నాయి. సమస్య తీర్చాలి, లేదా ఫిర్యాదు చేసినవాళ్లే ఉపసంహరించుకుంటున్నామని రాసివ్వాలి. మొదటిదానికి గొట్టాలూ దీపాలూ మనుషులూ కావాలి. రెండోదానికి కాగితం చాలు.

ఉపసంహరణ ఫారాలు అచ్చయ్యాయి. ఉపసంహరణ ఇవ్వనిదే ఆఫీసులో ఏ ధ్రువపత్రమూ ఇవ్వరని బోర్డు కట్టారు. జనం వచ్చారు, ఫారాలు తీసుకున్నారు, ఎలా నింపాలో తెలియక దిక్కులు చూశారు. నింపిపెట్టడం తమ డ్యూటీ కాదని సిబ్బంది చేతులెత్తేశారు. వారం గడిచినా ఒక్క ఫిర్యాదూ చావలేదు. కమిషనరు గారు మళ్లీ కిటికీ దగ్గర నిలబడ్డారు. పూలకుండీ కనబడింది. సంచీబాబాయిని పిలిపించారు.

"మీ ఆవిడ దస్తూరి బాగుంటుందటగా."

బల్ల తిరిగొచ్చింది. ఈసారి ప్రహరీ బయట కాదు, ఆఫీసు వరండాలో, ఫ్యాను కింద, వచ్చినవాళ్లకి ఉపసంహరణ ఫారాలు నింపిపెట్టడానికి. ఒక్కటే షరతు. మొదట ఆవిడ తన పదకొండు అర్జీలూ ఉపసంహరించుకోవాలి.

సంచీబాబాయి ఆ కబురు పట్టుకుని సైకిలు తొక్కిన తొక్కుడు నాలుగేళ్లలో ఎప్పుడూ తొక్కలేదు. సంతోషంతో అతనికి ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. నేను రాసిన అర్జీలన్నీ నా చేత్తోనే చెరపమంటున్నారు కదండీ అంది. అతను నేల చూపులు చూస్తూ, పిల్ల పరీక్షలు ఎప్పుడన్నావు అని అడిగాడు. ఆవిడ లేచి చీర మార్చుకుంది.

వరండాలో ఆవిడ తన పదకొండూ నింపింది. బల్ల తిరిగి వచ్చినందువల్ల సమస్య తీరినది అని కారణం గడిలో రాసింది. అది నిజమే గనక కలం ఆగలేదు. ఆ తర్వాత జనం గేటు దాకా వరస కట్టారు. ఒకొక్కళ్లే వస్తున్నారు. నీళ్లు రాని కుళాయికి ఫిర్యాదు లేదు, వెలగని దీపానికి ఫిర్యాదు లేదు. ఊరికి అలవాటైనందువల్ల అని కొందరు చెబుతున్నారు, ఓపిక లేనందువల్ల అని కొందరు. అవేవీ చెల్లవని, సమస్య తీరినందువల్ల అనే ఉండాలని కమిషనరు గారు కబురు పెట్టారు. ఆవిడ రాస్తోంది, పక్కన నిలబడి సంచీబాబాయి ముద్ర వేస్తున్నాడు. బోర్డు మీద అంకె దిగుతోంది. చైర్మన్ గారు పత్రికలవాళ్లని వెంటబెట్టుకొచ్చి ఆ వరసకి ఫొటోలు తీయించారు.

మూడో రోజు మధ్యాహ్నం చెప్పులు కుట్టే ముసలాయన వంతు వచ్చింది. మూతలేని మురుగు గుంతలో పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి. ఆ గుంతకి మూత వెయ్యమని ఆవిడ చేత ఏడాదిలో ఏడు అర్జీలు రాయించుకున్నాడు. ఆయన్ని ఆవిడ మావయ్యా అని పిలుస్తుంది. ఆ చుట్టరికం అర్జీల్లో కలిసినదే. ఆవిడ ఏడు ఫారాలూ ముందు పరుచుకుని, పేరూ వీధీ నింపి, కారణం గడి దగ్గర ఆగిపోయింది.

"మూత వేశారా మావయ్యా?"

"లేదమ్మా. నిన్న ఓ మేక పడింది."

"మరి తీరిందని ఎలా రాయను?"

వెనక వరసలో వాళ్లు విసుక్కుంటున్నారు. ముసలాయన కర్ర గోడకి ఆనించి, బల్ల మీద అరచెయ్యి వేసి మెల్లగా నిమిరాడు.

"నీ బల్ల నీకొచ్చింది గదమ్మా. మనిద్దర్లో ఒకరికైనా తీరింది. అదే రాసెయ్."

ఆవిడ ఏడుసార్లు రాసింది. సంచీబాబాయి ఏడుసార్లు ముద్ర వేశాడు.