పెద్ద సారు ఫోల్డరు

ఆ రోజుకు చిన్నది వేసుకున్న లెక్క చాలా సులువైనది. తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరాలి. పదికి ప్రోగ్రాం కట్టడం మొదలుపెట్టాలి. పన్నెండుకు అది నడవాలి. మధ్యాహ్నం మూడింటికి కమిటీ వాళ్ళ ముందు నడిపి చూపించాలి. చూపిస్తే ఉద్యోగం ఖాయం. చూపించలేకపోతే తాత్కాలికంగా ఇచ్చిన ఏడాది గడువు ఆ సాయంత్రంతో సరి, సంచి సర్దుకుని ఇంటికి పోవడమే. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఆఖరిది కనుక ఇంట్లో చిన్నది అన్నారు. ఆఫీసులోనూ అందరికన్నా చిన్నదే కావడంతో ఆ పేరు అక్కడా అతుక్కుపోయింది.

ఆమె పనిచేసేది భూమి వణుకులను లెక్కగట్టే చోట. మన కాలికి తెలియని వణుకులు లక్ష ఉంటాయట. నేలలో పాతిన యంత్రాలు వాటిని రాత్రింబవళ్ళు వింటూ కూర్చుంటాయి. విన్నదాన్ని గీతలుగా మార్చి చూపే ప్రోగ్రాం కొత్తది ఒకటి వచ్చింది. అయితే ఇలాంటివి కొట్లో కొన్న చొక్కాలాగా తొడుక్కోవడానికి తయారుగా రావు. గుడ్డ, దారం, కొలతలు మాత్రం పంపిస్తారు, కుట్టుకోవడం మన ఖర్మ. ఆ కుట్టడాన్నే లినక్స్ కంప్యూటరు వాళ్ళు 'కట్టడం' అంటారు. అది ఒక పట్టాన కుదిరే పని కాదు. ఫలానా లైబ్రరీ, అంటే ఎవరో ముందే కుట్టిపెట్టిన జేబులాంటిది, లేదంటుంది. తెచ్చి పెడితే ఇది పాతది, కొత్తది కావాలంటుంది. కొత్తది పెడితే ఇంత కొత్తది నాకు పడదంటుంది. అలిగిన అల్లుణ్ణయినా బతిమాలి దారికి తేవచ్చు గాని, దీన్ని తేలేం.

పైగా పెద్ద యంత్రం మీద కట్టాలంటే అకౌంటు కావాలి. పాస్‌వర్డులన్నీ ఒక ముసలి ఉద్యోగి చేతిలో ఉండేవి, అందుకే ఆయన్ని అందరూ తాళాల బాబాయి అనేవారు.

"కొత్త అకౌంటంటే మూడు వారాలమ్మా," అన్నాడు ఆయన. "పెద్ద సారు అకౌంటు వాడుకో. అన్నీ అమర్చి ఉంటాయందులో. ఆయన ఏది కట్టినా ఒక్క ఫోల్డర్లోనే కట్టేవాడు, నువ్వూ అక్కడే కట్టుకో."

"పెద్ద సారు చనిపోయారు కదా బాబాయ్?"

"చనిపోతే? అకౌంటు మూసెయ్యాలంటే సొంతదారు సంతకం కావాలంట. ఎనిమిది నెలల నుంచి ఫైలు నా టేబులు మీదే ఉంది. పాస్‌వర్డు ఇచ్చానని ఎవరితోనూ అనకు తల్లీ, నా పెన్షను పోతుంది."

యంత్రం ఉన్న గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా లోపల చల్లగా, మసగ్గా ఉంటుంది. ఫ్యాన్ల హోరు మనిషి గొంతు సవరించుకుంటున్నట్టు ఆగి ఆగి వస్తుంది. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు అక్కడివి. కదలకుండా కూర్చుంటే ఎవరూ లేరనుకుని ఆరిపోతాయి. కుర్చీ వీపుకు పెద్ద సారు స్వెట్టరు ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టడానికి చిన్నదానికి చెయ్యి రాలేదు. వీపు ఆనించకుండా అంచు మీద కూర్చుంది.

పదికి మొదలుపెట్టింది. తెర మీద వరసలు జారుతూ పోతున్నాయి. నూటికి అరవై పాళ్ళు అయింది. ఆమె కళ్ళార్పకుండా చూస్తూ ఉంటే దీపాలు ఆరిపోయాయి. చెయ్యి ఊపితే వెలిగాయి. ఆ చీకట్లో ఏమైందో ఏమో, తెర మీద కొత్త వరస నిలబడి ఉంది: ఫైలు కనబడలేదు. ఏ ఫైలు? రెండు నిమిషాల కిందట అదే యంత్రం స్వయంగా చేసిన ఫైలు. ఫోల్డరు తెరిచి చూస్తే కట్టిందంతా మాయం. నున్నగా ఊడ్చేసిన గచ్చులాగా ఉంది.

తప్పు తనదేననుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎనభై దాకా వచ్చింది. మళ్ళీ ఊడ్చుకుపోయింది. మూడోసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన వేళ్ళకు తనే కాపలా కాసింది. అయినా పోయింది, చూస్తుండగానే. అప్పుడు లేచి బాబాయిని కేకేసింది.

తాళాల బాబాయి వచ్చి తల పంకించాడు. "డిస్కు పోయుంటుంది. ఒక్కసారి ఆపి వేస్తే అదే సర్దుకుంటుంది."

ఆపి వేశాడు. ఆ యంత్రం మీదే తమ లెక్కలు నడుపుకుంటున్న మరో ఆరుగురు ఆరు గదుల్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకాయనది నాలుగు రోజుల లెక్కట, ఇంకో గంటలో తేలేదట. ఆయన బాబాయిని అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఈ గొడవ మధ్యనే యంత్రం మేలుకుంది. చిన్నది లోపలికి వెళ్ళగానే తెర మీద అలవాటు ప్రకారం పలకరింపు వచ్చింది: ఈ అకౌంటుతో ఆఖరిసారి లోపలికి వచ్చింది ఒక నిమిషం కిందట.

"మీరు వచ్చారా బాబాయ్?"

"నేనిక్కడే నిలబడి తిట్లు తింటున్నాను కదమ్మా!"

ఆమె పై బాణం మీట నొక్కింది. ఇంతకుముందు కొట్టిన కమాండు ఏదో చూపించే మీట అది. 'మేక్ క్లీన్' అని వచ్చింది. కట్టిందంతా ఊడ్చి పారెయ్యమని దాని అర్థం. ఇంకోసారి నొక్కింది. అదే. ఇంకోసారి. అదే.

"నేను కొట్టలేదు. ఒట్టు. ఒక్కసారి కూడా కొట్టలేదు."

"సారుకి శుభ్రం ఎక్కువ," అన్నాడు బాబాయి మెల్లగా. అన్నాక తన మాటకు తనే జడుసుకుని స్వెట్టరు వైపు చూశాడు.

అప్పుడే తెర మధ్యలో, ఎవరూ మీట తాకకుండానే, ఒక కబురు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. పంపినవారు పెద్ద సారు. అందవలసినవారు పెద్ద సారు.

*ఏమండీ, మీరేనా?*

గుమ్మంలో ఉన్న ఆరుగురికీ ఒక్కసారే ఆరు పనులు గుర్తొచ్చాయి. నాలుగు రోజుల లెక్కాయన అందరికన్నా ముందు వెళ్ళాడు. లెక్క మాటే ఎత్తలేదు.

"సారు సారునే పిలుస్తున్నారు," అన్నాడు బాబాయి, గోడకు ఆనుకుని. "పైగా ఏమండీ అంట. ఇరవై ఏళ్ళ కొలువులో నన్ను ఒరేయ్ అనడమే గాని ఏమండీ అని ఏనాడూ అనలేదమ్మా!"

చిన్నదానికి భయం లేకపోలేదు. కానీ గోడ మీద గడియారం పన్నెండూ ముప్పావు చూపిస్తోంది, ఉద్యోగం పోతుందన్న భయం దయ్యం భయం కన్నా ఒక మెట్టు పైనే ఉంది. ఆమె ఆ మాటను మళ్ళీ చదివింది.

"బాబాయ్, సారును ఇంట్లో ఏమండీ అని పిలిచేది ఎవరు?"

బాబాయి జేబులోంచి ఫోను తీసి, సారు ఇంటికి కలిపి ఆమె చేతికిచ్చాడు.

అవతల సారు భార్య రెండో రింగుకే ఎత్తింది. చిన్నది తనెవరో చెప్పుకుని, మెల్లగా అడిగింది. "అమ్మగారూ, మీరిప్పుడు కంప్యూటరు ముందున్నారా?"

"ఉన్నానమ్మా." గొంతు బొంగురుగా ఉంది. "ఆయన కాదా?"

"కాదమ్మా. నేనే."

ఆవిడ ముక్కు చీదుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆయనకు రాత్రి కట్టడం తెలుసుగాని పొద్దున తీయడం తెలియదు. డిస్కు నిండి అందరి చేతా మాటలు పడేవాడు. అందుకని ఎనిమిది వరసలు కాగితం మీద రాసిచ్చి, రోజూ పదింటికి ఇంటి నుంచే ఊడ్చే పని ఆవిడకు అప్పగించాడు. ఆఫీసులో ఉన్న మనిషికి కబురు పంపడం ఆఖరి వరస, భోజనానికి పిలవడానికి.

"నాకు చదువు లేదమ్మా. బొమ్మలు చూసి గీసినట్టు ఒక్కో అక్షరమే చూసి కొడతాను. ఆయన పోయాక మానెయ్యమని మా వాళ్ళన్నారు. వాకిలి ఊడవడం మానేస్తామా ఏం? ఎనిమిది నెలలూ ఖాళీ ఫోల్డరే ఊడ్చాను. ఇవాళ చూద్దును గదా, నిండా సామాను! ఊడిస్తే మళ్ళీ పుడుతుంది, ఊడిస్తే మళ్ళీ పుడుతుంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయనే వచ్చి కూర్చున్నారనుకున్నాను. ఉంచుదామనిపించింది. కానీ ఊడవకపోతే కోప్పడతారే!"

చిన్నదాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇవాళ్టికి ఊడవకండమ్మా. మూడింటిదాకా. నా ఉద్యోగం దాని మీదుంది."

"అయ్యో, నీ ఇల్లు బంగారం కానూ, ముందే చెప్పొద్దూ! చీపురు అవతల పెట్టేశాను, కట్టుకో."

ఒంటిగంటకు మళ్ళీ మొదలైంది. తొంభై నాలుగు పాళ్ళయింది. అక్కడ ఆగింది. ఈసారి దయ్యం కాదు, మామూలు జబ్బే: ఒకే లైబ్రరీ రెండు చోట్ల ఉంది, యంత్రం తప్పు చోటికే పోయి పాతదాన్ని పట్టుకుంటోంది. సరైన దారి ఏదో ఎవరికీ తెలియదు. గంట రెండుంబావు. ఆ దారి సారు కాగితంలో ఉండి తీరాలనిపించి చిన్నది మళ్ళీ ఫోను అందుకుంది.

"అమ్మగారూ, ఆ కాగితంలో మొదటి వరస ఏముంది?"

"ఉండు, కళ్ళద్దాలు. పెద్ద ఎల్లు, పెద్ద డీ, కింద గీత..."

"కింద గీత తరవాత?"

"మళ్ళీ పెద్ద ఎల్లు. తొందరపెట్టకమ్మా, తొందరపెడితే ఆయనకే తప్పు చెప్పేదాన్ని."

పావుగంట పట్టింది. ఆ వరస కొట్టాక యంత్రం మారు మాట్లాడకుండా సరైన దారిన పోయింది. మూడుకు అయిదు నిమిషాలుందనగా ప్రోగ్రాం నిలబడింది.

కమిటీ వాళ్ళు ముగ్గురూ బయటి నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడ ఎవరి ముఖమూ ఎరగరు. తెర మీద భూమి వణుకులు సన్నని గీతలై పాకుతుంటే వంగి చూశారు. వాళ్ళు కదలకుండా చూడడంతో దీపాలు ఆరిపోయాయి. చీకట్లో ఆ గీతలు ఏదో చెయ్యి రాస్తున్నట్టే ఉన్నాయి. అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు, దీపాలు వెలిగాయి.

"అద్భుతం. ఎవరు కట్టారిది?"

"నేనేనండీ," అంది చిన్నది.

"మరి ప్రతి ఫైలు మీదా ఇంకెవరిదో పేరుందే?"

బాబాయి ముఖం పాలిపోయింది. పాస్‌వర్డు సంగతి బయటపడితే పెన్షను గోవిందా. చిన్నది నోరు తెరిచేలోగా అందుకున్నాడు. "పెద్ద సారండీ. ఆయన దగ్గరే నేర్చుకుందండీ ఈ అమ్మాయి."

"ఆయన్ని పిలవండి, అభినందిస్తాం."

"ఇప్పట్లో రాలేరండీ."

"సెలవా?"

"దీర్ఘకాలపు సెలవండీ."

సరిగ్గా అప్పుడు తెర మధ్యలో కబురు వచ్చింది. పంపినవారు పెద్ద సారు. *పని అయిందా తల్లీ? భోజనం చేశావా లేదా?*

ముగ్గురూ చదివారు. అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సెలవులో ఉండి కూడా కింది వాళ్ళ ఆకలి కనిపెడుతున్నాడయ్యా. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారు!" తరవాత ఎవరెప్పుడు యంత్రంలోకి వచ్చారో రాసుండే హాజరు రికార్డు తెప్పించుకుని చూశారు. ఎనిమిది నెలల్లో ఒక్క రోజు కూడా తప్పకుండా పదింటికల్లా లోపలికి వచ్చిన అకౌంటు ఆఫీసు మొత్తంలో అదొక్కటే.

చిన్నది ఆ రాత్రి నిద్రపోలేదు. వారం తిరిగేసరికి ఉత్తర్వులు వచ్చాయి. బాబాయి చదవలేక ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది. పెద్ద సారు సర్వీసు మరో రెండేళ్ళు పొడిగించి, ఆమెను ఆయనకు సహాయకురాలిగా వేశారు.