ఫిర్యాదు లేని గుండె

మెదక్ పట్టణ ప్రజలకు శుభవార్త. రామాయంపేట రోడ్డులోని హృదయబంధు హాస్పిటల్‌ను ఈ ఏడాది ఉత్తమ బిల్లింగ్ సంస్థగా బీమా కంపెనీవారు సన్మానించబోతున్నారు. వైద్యానికి సన్మానం ఎవరైనా తెచ్చుకుంటారు, రోగులు బతికితే చాలు. బిల్లింగ్‌కు తెచ్చుకోవాలంటే క్రమశిక్షణ ఉండాలి. పంపిన బిల్లు ఒక్కటి కూడా తిరిగి రాకూడదు.

ఒక్కటి తిరిగొచ్చింది. అది నా భార్య దుర్గమ్మది. ఆమె చనిపోయింది కాబట్టి దాన్ని సరిచేసే బాధ్యత నాకు అప్పగించారు. సన్మానం జరిగేలోపు నేను హాస్పిటల్‌కు వెళ్లి, ఆమెకు ఏదో ఒక బాధ ఉండేదని చెప్పి రావాలి. అంతే పని.

మాది హవేలిఘనపూర్ అవతల చిన్న ఊరు. నాట్లు వేస్తుండగా దుర్గమ్మ గుండె నెమ్మదించి మడిలోనే పడిపోయింది. హైదరాబాదులో ఎడమ భుజం కింద, చర్మం లోపల ఒక చిన్న యంత్రం పెట్టారు. గుండె కొట్టుకోవడం మరిచిపోతే అది గుర్తు చేస్తుంది. మంచి యంత్రం. దాని మీద నాకు కోపం లేదు. మూడు నెలలకోసారి పరీక్ష చేయించాలన్నారు. మెదక్‌లోనే చేస్తారని తెలిసి సంతోషించాం.

పరీక్ష తేలిక. చంద్రకాంత్ అనే టెక్నీషియన్ హైదరాబాదు నుంచి పెట్టెలో కంప్యూటర్ తెస్తాడు. అరచేతంత బిళ్లను యంత్రం మీద ఆనిస్తాడు. లోపలి సంగతులన్నీ తెర మీదికి వస్తాయి. బాగుంటే లేచి ఇంటికి పోవచ్చు. ఇది వైద్యం లెక్క. బిల్లింగ్ లెక్క వేరు.

యంత్రాన్ని ఊరికే చూస్తే బిల్లు మీద ఒక కోడ్. చూసి, దాని వేగం మారిస్తే మరో కోడ్. మొదటిదానికి చాయ్ ఖర్చులు వస్తాయి. రెండోదానితో హాస్పిటల్ నడుస్తుంది. కాబట్టి హృదయబంధులో ఏ గుండెనూ చూసి వదిలేయరు. ఒకసారి నిమిషానికి ఎనభైకి పెంచుతారు. మరుసటిసారి యాభైకి తగ్గిస్తారు. ఆ పైసారి మళ్లీ పెంచుతారు. ఇందులో కులం లేదు, మతం లేదు, పార్టీ లేదు. ఇంత సమానత్వం మెదక్‌లో ఇంకెక్కడా చూడలేదు.

మా ఊరు దీనికి త్వరగానే అలవాటు పడింది. పెంచిన మూడు నెలలు దుర్గమ్మ పనికి పోయేది కానీ, కూర్చున్నా ఆయాసపడేది, నిద్ర పట్టేది కాదు. తగ్గించిన మూడు నెలలు గోడ పట్టుకుని నడిచేది. పక్క పొలం ఆగమ్మ కూలీలను మాట్లాడుకునే ముందు మా వాకిట్లోకి వచ్చి కనుక్కునేది.

"దుర్గక్కా, ఈపాలి ఎంతల పెట్టిండ్రే?"

"ఎనభైల."

"మస్తయింది. నా మడి గూడ నాటిపో. మల్లొచ్చేపాలికి నువ్వు మంచం దిగవు."

ఇద్దరూ నవ్వేవాళ్లు.

వేగం మార్చడానికి ఫిర్యాదు కావాలి. బాధ లేని మనిషికి ఎందుకు మార్చారని బీమావారి కంప్యూటర్ అడుగుతుంది. అందుకని కౌంటర్ దగ్గరికి పంపే ముందు నర్సు నిస్సి వరుసలో ఉన్నవాళ్లందరికీ పాఠం చెప్పేది. మొదటిసారి దుర్గమ్మ ఆ పాఠం సరిగా అప్పగించలేదు.

"ఏమైతుందమ్మా?"

"ఏం గాలే బిడ్డా. మంచిగున్న."

"గట్ల అనొద్దు. కండ్లు తిరుగుతున్నయ్ అనాలె."

"తిరుగుత లేవు గదా."

"యాభైకి తగ్గిస్తున్నరు. ఇంటికి పొయ్యేసరికి తిరుగుతయ్ తియ్యమ్మా."

తిరిగాయి. హృదయబంధు మీద దొంగ బిల్లుల నింద వేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. అక్కడ అబద్ధం రాయరు. ముందు రాస్తారు, ఆ తర్వాత దాన్ని నిజం చేసి ఇంటికి పంపుతారు. ఇంత నిజాయితీ మన ఆఫీసుల్లో అరుదు.

ఒకసారి చంద్రకాంత్ తొందరలో ఉండి, ఎనభై నుంచి యాభైకి పోయే దారిలో డెబ్బై దగ్గర ఆపేశాడు. ఆ మూడు నెలలు దుర్గమ్మ రాత్రిళ్లు నిద్రపోయింది. పొద్దున్నే లేచి బర్రె పాలు పిండింది. నన్ను తిట్టడానికి కూడా ఓపిక వచ్చింది. తర్వాతి పరీక్షకు తానే ముందు నడిచి, బిల్లులకు కోడ్‌లు వేసే అధికారి రఘుపతి కిటికీ ముందు చేతులు జోడించింది.

"సారూ, ఈపాలి కదిలియ్యకుండ్రి. డెబ్బైల పానం మంచిగున్నది. మంచిగున్ననని రాయుండ్రి."

రఘుపతి కోపగించుకోలేదు. ఆయనకు హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. కుర్చీ వెనక్కి జరుపుకుని ఉపన్యాసం చెప్పాడు.

"చూడమ్మా, మంచిగున్నవని రాస్తే ఊరికే చూసిన కోడే పడ్తది. రెండుసార్లు గట్ల పడ్డదనుకో, ఈమెకు చెకప్ అక్కర లేదని బీమావాళ్లు పేరు తీసేస్తరు. పేరు పోయినంక బ్యాటరీ ఖతమైతే కొత్తది ఎవరిస్తరు? మేము నీ మంచికే తిప్పుతున్నం. జర సర్దుకో."

"పేరు ఉండనీకి పానం తిప్పుతరా సారూ?"

"మస్తు మాట్లాడ్తవమ్మా నువ్వు," అని మెచ్చుకుని, పోయినసారి ఆగిన దారి పూర్తి చేస్తూ ఆయన యాభై రాయించాడు.

ఆ మూడు నెలలు దుర్గమ్మ తర్వాతి పరీక్ష కోసం ఎదురుచూసింది. ఈసారి పెంచే వంతు కదా. పరీక్ష రోజు పొద్దున్న కొత్త చీర కట్టుకుంది. బర్రెకు నీళ్లు పెట్టి వస్తానని బోరు తొట్టి దగ్గరికి వెళ్లింది. అక్కడే కళ్లు తిరిగాయి. తల సిమెంటు అంచుకు తగిలింది. ఆటోలో మెదక్ చేరేసరికి ఏమీ మిగల్లేదు.

కింద పడడం వేరే విభాగానికి వస్తుందని హాస్పిటల్‌వారు చెప్పారు. అయితే యంత్రం ఉన్న శరీరాన్ని కాలిస్తే అది పేలుతుంది. తీయాలి. చంద్రకాంత్ ఆ రోజు మెదక్‌లోనే ఉండడం మా అదృష్టమన్నారు. అతను బిళ్ల ఆనించి చూసి, "మిషన్ ఫస్ట్ క్లాస్‌గ ఉన్నది" అన్నాడు. అది ఇంకా కొడుతూనే ఉంది. కొట్టించుకునే మనిషే లేదు. తీసే ముందు దాన్ని ఆపేశాడు. ఆపడం కూడా మార్చడమే కాబట్టి ఆ కోడ్ వేశారు. ఫిర్యాదు గడి దగ్గర నిస్సి చేయి ఆగిందట. ఆ పిల్ల చివరికి "ఏ బాధా లేదు" అని రాసింది.

దుర్గమ్మ అడిగిన మాట అదే. రాయడానికి ఆమె చావవలసి వచ్చింది.

ఆ బిల్లే తిరిగొచ్చింది. ఆమె చనిపోయిందన్నదానికి కంప్యూటర్‌కు అభ్యంతరం లేదు. అది వేరే గడి. బాధే లేని రోగికి యంత్రం ఎందుకు మార్చారన్నదే దాని ప్రశ్న.

తర్వాతి పరీక్ష రోజు నన్ను పిలిపించారు. వరుస గేటు దాకా ఉంది. రఘుపతి నన్ను ముందుకు రమ్మని, కుర్చీ కూడా వేయించాడు.

"ఎల్లయ్యా, ఒక్క ముక్క చెప్పు. కండ్లు తిరుగుతుండె అను, చాలు. మన మెదక్ ఇజ్జత్ సవాల్ ఇది."

"ఆమెకు ఏ బాధ లేదు సారూ. గట్లనే ఉండనియ్యుండ్రి."

"ఒక్క ముక్కతోని నీదేం పోతది?"

"ఆమెకు లేదు. బాధ నాకున్నది."

రఘుపతి ముఖం వెలిగింది. కలం తీశాడు. "నీకా? గదెందుకు ముందే చెప్పలే? బీమా కార్డు తెచ్చినవా?"

నేను కుర్చీలోంచి లేవలేదు. నా వెనక రేగోడ్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడు. నా భుజం తట్టాడు.

"ఏందే, ఏదో ఒకటి చెప్పి జరుగరాదు. సచ్చినామెకు ఏమైతది? మా నంబర్లు పోతున్నయ్."

వరుస అంతా అవునంది. వాళ్లకు పొలం పనులున్నాయి, బస్సులున్నాయి. ఆమెకు లేని బాధ ఉన్నట్టు నేను చెప్పలేదు. కానీ పక్కకు జరిగాను.

పెద్దమనిషి చేతి సంచి కింద పెట్టి, చొక్కా సవరించుకుని, కిటికీలోకి తల వంచాడు. ఎవరూ ఏమీ అడగకముందే అన్నాడు:

"కండ్లు తిరుగుతున్నయ్ సార్."