గంధం రంగు బటన్లు

నీటి సరఫరా విభాగంలో కంప్యూటర్ తెరమీది బటన్లన్నీ ఇకపై గంధం రంగులోనే ఉండాలని చెంపకక్కడవు పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఛైర్మన్ దివాకర పణిక్కర్ కొత్త ఇంటికి వేయించిన రంగూ అదే కావడం కేవలం యాదృచ్ఛికమని తీర్మానంలోనే రాసుకున్నారు.

పని ప్రోగ్రామర్ బిందుజ మీద పడింది. ఆమె శ్రద్ధగా కోడ్ రాసింది. తెర తెరుచుకోగానే అది ప్రతి బటన్‌నూ, ప్రతి పెట్టెనూ, పెట్టెలో దాగిన పెట్టెనూ వెతికి పట్టుకుని గంధం పూసేది. పంపు ఆపే బటన్‌ను మాత్రం ఎర్రగా వదిలేసింది.

ఛైర్మన్‌గారి చూపు సరిగ్గా దానిమీదే పడింది.

"ఇదేంటమ్మాయ్, ఇదొక్కటీ మన మాట విన్నట్టు లేదే?"

"పంపు ఆపేది సార్. తొందరలో కంటికి ఆనాలని..."

"అంటే నా రంగు కంటికి ఆనదనా?"

వెంటనే విచారణ సంఘం వేశారు. ఎరుపు పట్ల ఆమెకు పక్షపాతం ఉన్నట్టు తేలింది. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్న సంగతిని సభ్యులు ఎంతో ఆప్యాయంగా గుర్తుచేశారు. పనిలో పనిగా, అక్షరాలకూ అదే రంగు వేయాలన్నారు.

"గంధం మీద గంధం అక్షరాలు కనబడవు సార్."

"మన ఊరి అక్షరాస్యత నూటికి నూరు. కనబడకపోయినా చదువుకోగలరు," అన్నారు ఛైర్మన్‌గారు.

ఎరుపును కాపాడుతున్న ఆ ఒక్క పంక్తినీ బిందుజ చెరిపేసి, అక్షరాలకూ గంధమే పూసింది. చెరిపేముందు రెండుసార్లు వేలు వెనక్కి తీసుకుంది. తీర్మానం మీద సంతకాలు మాత్రం స్థిరంగా ఉన్నాయి.

చెండ డోళ్ల మేళాల మధ్య ఛైర్మన్‌గారే పంపు ప్రారంభించారు. ట్యాంకు నిండింది. నిండి పొర్లింది.

"బిందూ, ఆపేదెక్కడే తల్లీ? తెరంతా పాయసంలా ఉంది!" అని ఆపరేటర్ సుకుమారన్ కేకేశాడు.

ఆమె పరుగెత్తుకొచ్చేలోగా అతను తడుముకుని ఏదో నొక్కాడు. రెండో పంపు మొదలైంది. బజారు మోకాలి లోతు మునిగింది, మోటార్లు రెండూ కాలిపోయాయి. "ఇంత నీరు ఏ పాలనలో చూశారు?" అని ఛైర్మన్‌గారు తడిసిన పంచెతోనే ప్రసంగించారు. చప్పట్లు మోగాయి.

మర్నాటినుంచి కుళాయిలు ఎండిపోయాయి. ప్రజాభిప్రాయ సభ పెట్టారు. జనం ఖాళీ బిందెలతో తరలివచ్చారు. సగంమంది బటన్లు నీలంగా ఉండాలన్నారు, సగంమంది పచ్చగా ఉండాలన్నారు. బిందెలు గాల్లోకి లేచాయి.

బిందుజ ఇక ఉండబట్టలేక నిలబడి, "ముందు మోటార్లు బాగుచేయించమని అడగండి!" అంది.

సభంతా ఆమెవైపు తిరిగింది. నీలంవాళ్లూ పచ్చవాళ్లూ మొదటిసారి ఒక్కటయ్యారు.

"ఇక్కడ రాజకీయాలు మాట్లాడొద్దు, కూర్చో!"