తొంభై డిగ్రీల అత్తగారు

ఆ ఉదయం డ్రైవింగ్ స్కూలు మాస్టారు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. టిఫిన్ కాగానే అత్తగారిని టాక్సీ ఎక్కించాలి. ఎముకల డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. ఆవిడ ఎడమ మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. డాక్టరు భేష్ అనాలి. సాయంత్రానికి ఆవిడ పెట్టె సర్దుకుని, పక్క వీధిలో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉన్న తన ఇంటికి తన కాళ్ళ మీద తాను మెట్లెక్కి వెళ్ళిపోవాలి.

వంగకపోతే ఏమవుతుందో డాక్టరు పోయినసారే చెప్పాడు. "కీలు బిగుసుకుపోతోందమ్మా. ఈసారీ ఇంతే అయితే మళ్ళీ మత్తిచ్చి నేనే వంచాల్సొస్తుంది. ఆ పైన ఇంకో మూడు నెలలు మెట్ల జోలికి పోకుండా కూతురి దగ్గరే ఉండాలి." మత్తు అన్న మాటకి అత్తగారి గుండె గుభేలుమంది. మూడు నెలలు అన్న మాటకి అల్లుడి గుండె గుభేలుమంది.

అసలు తప్పంతా బీరువాది. రెండు నెలల కిందట మెట్ల మీంచి చెక్క బీరువా దింపుతుంటే మాస్టారు పైన పట్టుకున్నాడు. బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైన అత్తగారు కింద నిలబడి "ఎడమకి! కొంచెం కుడికి! ఆగు!" అంటూ ఆజ్ఞలు జారీ చేసింది. అల్లుడు ఆగాడు, బీరువా ఆగలేదు. దాన్ని ఆపబోయిన అతని కుడి భుజంలో కండరం ఎముక దగ్గర తెగింది. తప్పుకోబోయిన ఆవిడ మోకాలు మెలిపడి లోపల లిగమెంటు తెగింది. ఒకే డాక్టరు ఒకే రోజు చిన్న చిన్న కన్నాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి, ఇద్దరి కీళ్ళూ బాగుచేసి ఇంటికి పంపాడు. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ కలిపి మూడు చేతులు, మూడు కాళ్ళు మిగిలాయి. నోరు మాత్రం ఒక్కటే, అది అత్తగారిది.

సోఫాలో జారగిలబడితే "వెన్ను!" అనేది. చెప్పులు ఈడిస్తే "పాదం ఎత్తు!" అనేది. టీవీలో ఆట చూస్తుంటే, ఆడేవాళ్ళని వదిలేసి చూసేవాణ్ణి తిట్టేది. ఇన్ని చేయించే మనిషి తన మోకాలు మాత్రం వంచేది కాదు. వ్యాయామం వేళకి కూతురు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే, కాలు బార్లా చాపుకునే "పదిహేడు... పద్దెనిమిది..." అని రొప్పుతూ లెక్క చెప్పేది. కూతురి ఇల్లు ఆవిడకి బాగా నచ్చేసిందని అల్లుడి అనుమానం.

ఐదో అంతస్తులో ఇద్దరూ లిఫ్టెక్కారు. అతని చెయ్యి మెడలోంచి వేలాడే పట్టీలో ఉంది. ఆవిడ కాలికి ఇనప బద్దల బ్రేసు, చంకలో కర్ర. లిఫ్టు మూడో అంతస్తు దాటుతూనే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

గంట నొక్కితే పైనుంచి వాచ్‌మన్ గొంతు వినిపించింది. "కంగారు పడకండి సార్! మెకానిక్‌కి ఫోన్ చేస్తా!" చెప్పుల చప్పుడు దూరమైంది.

"కొంప మునిగింది అత్తయ్యా! డాక్టరు మధ్యాహ్నం ఊరెళ్ళిపోతాడు. ఇవాళ చూపించకపోతే వంగనట్టే లెక్క అన్నాడు."

"నేను ఆపానా లిఫ్టుని?"

మాస్టారు ఆలోచించాడు. పాడైన బండిలో కూర్చున్నా పాఠం ఆపని మనిషి అతను. "ఊరికే నిలబడటం దేనికి? ఆ కమ్మీ పట్టుకోండి. మడమ వెనక్కెత్తండి. నేను సాయం పడతాను. క్లచ్ వదిలినట్టు, నెమ్మదిగా."

"వద్దు బాబూ! లోపల కుట్టు తెగుతుంది. మొదటిసారి వంచినప్పుడే టక్ మంది. నా చెవులారా విన్నాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"చెప్తే మళ్ళీ కోస్తారని!"

ఇది కూడా ఇల్లు వదలకుండా ఉండటానికి వేసిన ఎత్తే అనుకున్నాడు అల్లుడు. ఎడమ చేత్తో ఆవిడ చీలమండ పట్టుకున్నాడు. చెయ్యి ఇంకా తగిలీ తగలకముందే లిఫ్టు దద్దరిల్లేలా కేక పెట్టింది ఆవిడ.

"అమ్మో! చచ్చిపోయాను! వదులు బాబూ!"

"ఇవాళ వదిలే ప్రసక్తే లేదు అత్తయ్యా! రెండు నెలలు ఓపిక పట్టాను!"

"నా కాలు విరగ్గొట్టి ఏం బావుకుంటావు?"

"మీ ఇంటికి మీరు వెళ్తారు! అది చాలు నాకు!"

సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుని వెంటేసుకుని వాచ్‌మన్ మూడో అంతస్తుకి వచ్చాడు. చెప్పుల స్టాండు నుంచి పావురాల దాకా దేనికైనా నోటీసు బోర్డులో ఒక సర్క్యులర్ అంటిస్తాడు కాబట్టి ప్రెసిడెంటుని అందరూ సర్క్యులర్‌గారు అంటారు. ఆయన లిఫ్టు తలుపుకి చెవి ఆనించి అంతా విన్నాడు. రెండు నెలలుగా ఆ అల్లుడు చేతికి పట్టీతో, ఆ అత్త చంకలో కర్రతో తిరగడం చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు లెక్క తేలిపోయింది.

"అతని భుజం ఆవిడ విరిచింది. ఆవిడ మోకాలు ఇతను విరిచాడు. ఇవాళ రెండో రౌండు!"

క్షణాల్లో మూడో అంతస్తు జనంతో నిండిపోయింది. ఒకావిడ పోలీసులకి ఫోన్ చేసింది. ఇంకొకావిడ అంతకన్నా ఘోరంగా, మాస్టారి భార్యకి ఫోన్ చేసింది.

సర్క్యులర్‌గారు తాళంచెవితో బయటి తలుపు తీశాడు. మూడో అంతస్తు గచ్చు లోపలున్న వాళ్ళ నడుము ఎత్తులో ఉంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "థాంక్యూ సార్! ముందు మా అత్తయ్యకి చెయ్యందించండి."

"ఆగండాగండి. ఇద్దర్నీ ఒకేసారి బయటికి వదలడం ప్రమాదం. ముందు రాజీ, తర్వాతే లిఫ్టు. ఎవరు మొదలెట్టారు?"

"బీరువా!" అన్నాడు మాస్టారు.

"చూశారా, మాట మారుస్తున్నాడు," అన్నాడు సర్క్యులర్‌గారు జనంతో.

ఎవరిదో ఫోన్ లోపలికి వంగింది. అందులోంచి భార్య ఏడుపు గొంతు. "ఏవండీ! మా అమ్మని లిఫ్టులో పెట్టి కొడుతున్నారటగా!"

"కొట్టడం కాదే బాబూ, వంచుతున్నాను!"

జనం ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు. ఫోన్ కట్టయింది.

జీపు ఆగిన చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు. కొంచెం కుంటుతూ మహిళా ఎస్సై పైకొచ్చింది. "ఎవరు కొట్టింది?"

"ఈ లోపలున్నాయన మేడమ్," అన్నాడు సర్క్యులర్‌గారు.

ఎస్సై లోపలికి తొంగిచూసింది. "ఆయనకున్నదే ఒక్క చెయ్యి. కొట్టేవాడిలా లేడు, తిన్నవాడిలా ఉన్నాడు."

"అలా తీసిపారెయ్యకండి మేడమ్. ఆ ముసలావిడ్ని చూడండి, పాపం. కదల్లేదు, మెదల్లేదు. అల్లుడి దయాదాక్షిణ్యాల మీద బతుకుతోంది."

అత్తగారు నెమ్మదిగా తల పైకెత్తింది. ఒకప్పుడు గ్రౌండు అవతలి చివర పిల్లల్ని నిలబెట్టేసిన గొంతు బయటికొచ్చింది.

"ఎవరయ్యా కదల్లేనిది?"

సర్క్యులర్‌గారు తెలీకుండానే ఒకడుగు వెనక్కేశాడు.

"నన్నొకరు పోషించాలా? నన్నొకరు కొట్టాలా? మా అల్లుడు ఒట్టి చాతకానివాడు. నన్ను కొట్టేంత సీను అతనికి లేదు. పట్టుకో ఇది!" అంటూ చంకలోని కర్ర ఆయన చేతిలోకి విసిరి, అంతే విసురుగా ఆవిడ కాలెత్తి గచ్చు మీద పెట్టింది. ఆ కోపంలో ఏ కాలో చూసుకోలేదు.

టక్!

అందరూ విన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. "తెగింది," అంది సన్నగా. "అయిపోయింది. తెగింది."

ఎస్సై వంగి, ఆ బ్రేసు పక్కనున్న మడతబందుని వేలితో అటూ ఇటూ ఆడించింది. టక్. టక్. "ఇదా అమ్మా మీరు విన్నది? ఇది ఇనుము. మీ కాలు కాదు. నొప్పుందా?"

ఆవిడ ఆలోచించింది. "లేదు."

"అత్తయ్యా, అలాగే ఉండండి! కదలకండి!" మాస్టారు లిఫ్టు గచ్చు మీద మోకరిల్లి ఆ కాలిని పక్కనుంచి చూశాడు. స్టీరింగు ఎంత తిరిగిందో కళ్ళతో కొలిచి బతికే మనిషి. "తొంభై! కాదు, దాటింది! తొంభై దాటేసింది!" అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తెలియకపోయినా మూడో అంతస్తంతా చప్పట్లు కొట్టింది.

ఎస్సై ఒక చెయ్యి, పక్కింటావిడ ఒక చెయ్యి అందిస్తే అత్తగారు రాణిలా బయటికొచ్చింది. మాస్టారిని మాత్రం వాచ్‌మన్ బస్తా లాగినట్టు లాగి పడేశాడు.

"ఏ డాక్టరమ్మా చేసింది?" అడిగింది ఎస్సై. "నాదీ ఎడమ మోకాలే. ట్రైనింగులో పోయింది. పదండి, జీపుంది. నేనూ చూపించుకుంటాను."

"మేడమ్," అన్నాడు సర్క్యులర్‌గారు గొంతు తగ్గించి, "నాక్కూడా రాత్రిపూట భుజం తెగ పీకుతోంది. కాస్త సర్దుకుంటే..."

సర్దుకున్నారు. సైరన్ మోగింది. ఎదురైన కార్లూ లారీలూ పక్కకి తప్పుకున్నాయి. ముందుసీట్లో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న అత్తగారు, తప్పుకున్న ప్రతి బండికీ తల పంకించి మెచ్చుకుంది.

డాక్టరు అప్పటికే బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. పోలీసుల్ని చూసి, ఎందుకైనా మంచిదని బ్యాగు కింద పెట్టాడు. మళ్ళీ గదిలోకెళ్ళి అత్తగారిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంచి, కోణం కొలిచే స్కేలు ఆనించాడు. ఇంకోసారి ఆనించాడు.

"నూట పది! ఇదేం మాయ అమ్మా? మత్తూ లేదు, గిత్తూ లేదు. మీరు హాయిగా మీ ఇంటికెళ్ళొచ్చు."

గదిలో మళ్ళీ చప్పట్లు. భర్తని బెయిలు మీద విడిపించడానికి లాయరుతో సహా పరుగెత్తుకొచ్చిన కూతురు, గుమ్మంలోనే తల్లిని వాటేసుకుంది. మాస్టారికి ఖాళీ సోఫా కళ్ళ ముందు మెరిసింది. ఆనందం పట్టలేక ఎడమ చేత్తో తొడ మీద దరువేశాడు.

డాక్టరు అతనివైపు తిరిగాడు. "మీరు చప్పట్లు కొట్టరేం? ఈ పట్టీ ఇంకా ఎందుకు? పోయినసారే తీసెయ్యమన్నానుగా."

"అదీ... అత్తయ్య మోకాలి ధ్యాసలో పడి..."

"చెయ్యెత్తండి."

చెయ్యి చొక్కా జేబు దాకా లేచి, అక్కడ ఆగిపోయింది. డాక్టరు పట్టుకుని ఇంకొంచెం లేపబోతే మాస్టారు పెట్టిన కేకకి కారిడార్లో నర్సులు పరుగెత్తుకొచ్చారు.

"ఆవిడ కాలు నయం, ఇది మరీ బిగుసుకుపోయింది. రోజూ ఎవరో ఒకరు దగ్గర నిలబడి, కేకలేసినా ఏడ్చినా వదలకుండా చేయించాలి. మూడు నెలలు. ఇంట్లో అలాంటివాళ్ళు ఉన్నారా?"

"నాకు ఆఫీసు ఉంది డాక్టర్," అంది భార్య.

అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి. అత్తగారు బల్ల దిగి, కర్ర లేకుండా నాలుగడుగులేసి అల్లుడి ముందు నిలబడింది. ఆవిడ మొహంలో రెండు నెలలుగా ఎవరూ చూడని కళ ఉంది.

"రేపు పొద్దున్నే, బాబూ. మేడ మీదకి. బూట్లేసుకుని రా."

భుజం వ్యాయామానికి బూట్లెందుకని అడిగే ధైర్యం, పోలీసులతో సహా ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.